అమరనాథ్ దారిలో లంగరు సేవ: పంచతరణిలో నా అనుభవం

మాది హైదరాబాద్ నల్లకుంటలో చిన్న టిఫిన్ సెంటరు. 2025 జూలైలో అమరనాథ్ యాత్రకు వెళ్లి, గుహకు ముందు వచ్చే పంచతరణి మజిలీలో మన తెలుగువాళ్లు నడిపే ఒక లంగరులో, అంటే యాత్రికులకు ఉచితంగా భోజనం పెట్టే చోట, సేవాదారుగా, జీతం లేని పనివాడిగా, చేసి వచ్చాను. వెళ్లే ముందు వివరాలు చెప్పేవాళ్ల కోసం చాలా తిరిగాను. ఎవరిని అడిగినా "అంతా శివయ్య చూసుకుంటాడు" అన్నవాళ్లే తప్ప, ఏ కాగితాలు కావాలో, రాత్రి చలి ఎలా ఉంటుందో, కాళ్లకు ఏం వేసుకోవాలో చెప్పిన పుణ్యాత్ముడు లేడు. శివయ్య చాలా చూసుకున్నాడు, కాదనను. పోలీసు ధ్రువపత్రం మాత్రం నేనే తెచ్చుకోవలసి వచ్చింది.

శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ఆ తర్వాతి ఆదివారమే లంగరు నడిపే సమితి పెద్దలు ఉప్పల్ దగ్గర సమావేశం పెట్టి పేర్లు రాసుకున్నారు. యాత్ర సాగే రోజులను బ్యాచీలుగా విడగొట్టి, ఒక బ్యాచి దిగగానే మరొకటి ఎక్కేలా ఏర్పాటు చేస్తారు. "ఏం పని వచ్చు?" అని అడిగారు. ఇడ్లీ అన్నాను. పెద్దాయన నవ్వి, "అక్కడ ఇడ్లీ చూద్దాం గానీ, గిన్నెలు తోముతావా?" అన్నారు. తోముతానన్నాను. పేరు రాసుకున్నారు.

కాగితాలు మూడు రకాలు: ఆధార్, ఫొటోలు ఒకటి, ఆరోగ్య ధ్రువపత్రం రెండు, మీ మీద కేసులేమీ లేవని పోలీసులిచ్చే పత్రం మూడు. ఆరోగ్య ధ్రువపత్రం ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు ఇస్తే చెల్లదు. అమరనాథ్ ఆలయ బోర్డు ప్రతి రాష్ట్రానికీ ఒక జాబితా ఇస్తుంది, అందులో ఉన్న వైద్యులే సంతకం పెట్టాలి. జాబితాలో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఏప్రిల్ రెండో వారంలో ఉదయం ఏడింటికే వెళ్లాను. నాకంటే ముందు అరవై మంది ఉన్నారు. బీపీ, షుగరు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. బీపీ 150 దాటింది. డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. ఉప్పు తగ్గించి, మాత్ర వేసుకుని పదిహేను రోజుల తర్వాత రమ్మంది. సాంబారు రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాడిని ఉప్పు తగ్గించమంటే ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు! అయినా తగ్గించాను. రోజూ తెల్లవారుజామున శంకర్‌మఠం వైపు గంట సేపు నడిచాను. రెండోసారి వెళ్లినప్పుడు సంతకం పడింది.

ఆ రెండు సార్ల మధ్యలోనే ఏప్రిల్ 22 వచ్చింది. పహల్గామ్ దగ్గర బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ఆపలేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, మర్నాడు నా కాగితాల సంచి తీసి బీరువా మీద పెట్టేసింది. మే నెలలో సరిహద్దులో కాల్పులు జరిగిన రోజుల్లో మా బ్యాచిలో చాలామంది విరమించుకున్నారు. నేనూ మానేద్దామనే అనుకున్నాను. కాల్పులు ఆగాక సమితి పెద్దాయన ఇంటికి వచ్చి నాతో మాట్లాడకుండా నేరుగా మా ఆవిడతో మాట్లాడారు. "అమ్మా, ఈసారి యాత్రికులు తగ్గినా లంగరు తీయక తప్పదు. మనుషులు లేకపోతే తీయలేం. మీరు వద్దంటే తీసుకెళ్లను" అన్నారు. ఆవిడ కాఫీ ఇచ్చి, "వెళ్లి రమ్మనండి, ఫోను మాత్రం రోజూ చేయాలి" అంది. ఆ ఫోను సంగతి తర్వాత చెబుతాను.

పోలీసు పత్రానికి దరఖాస్తు పెట్టిన మూడు వారాలకు కానిస్టేబులు ఇంటికి వచ్చి, పక్కింటివాళ్లను అడిగి, కొట్టు చూసి వెళ్లాడు. పత్రం జూన్ రెండో వారంలో చేతికి వచ్చింది. సేవాదార్లు దీనికి మార్చిలోనే దరఖాస్తు పెట్టడం మంచిది. మా బ్యాచిలో ఇద్దరికి పత్రం రాక, బండి ఎక్కే రోజు స్టేషనుకు వచ్చి మాకు టాటా చెప్పి వెళ్లారు.

జూలై 6 తొలి ఏకాదశి. ఆ రోజు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మర్నాడు ఢిల్లీ, రాత్రి బండిలో ఎనిమిదో తేదీకి జమ్మూ. నగరం దాటగానే నాకు గుర్తొచ్చింది: జూలై 13 లష్కర్ బోనాలు. పుట్టి బుద్ధెరిగాక ఉజ్జయిని మహంకాళి బోనాలు తప్పిన ఏడాది లేదు.

జమ్మూలో దిగగానే మొదటి దెబ్బ. మన ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు. బయటి రాష్ట్రాల పోస్టుపెయిడ్ నంబర్లే పనిచేస్తాయి. ఇది హైదరాబాద్‌లో ఉండగానే మార్చుకోవలసిన పని. నాకు ఒక కస్టమరు ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు కాబట్టి మార్చుకున్నాను. మిగతావాళ్లంతా నా ఫోను చుట్టూ చేరారు. రోజూ సాయంత్రం వరసకట్టి ఒక్కొక్కరు రెండు నిమిషాలు మాట్లాడేవాళ్లు. మా ఆవిడకు మిగిలింది ఆ రెండు నిమిషాలే.

జమ్మూ నుంచి యాత్రికుల వాహనాలన్నీ తెల్లవారుజామున కాన్వాయ్‌గా, ముందూ వెనకా సీఆర్‌పీఎఫ్ బండ్లతో బయలుదేరతాయి. కాన్వాయ్ దాటే వరకు మిగతా వాహనాలను ఆపేస్తారు. మెడలో ఆర్ఎఫ్ఐడీ కార్డు, అంటే యాత్రికుడి జాడ తెలిపే చిప్పున్న గుర్తింపు కార్డు, లేనిదే గేటు దాటనివ్వరు. నిద్రలో కూడా దాన్ని తీయవద్దని చెప్పారు, తీయలేదు. సోనామార్గ్ మీదుగా సాయంత్రానికి నడక మొదలయ్యే బాల్తాల్ చేరాం. అక్కడ ఒక రాత్రి పడుకుని, పదో తేదీ, గురుపౌర్ణమి నాడు, తెల్లవారకముందే నడక మొదలుపెట్టాం. దోమేల్, బరారి, సంగం. సంగం దగ్గర గుహ వైపు వెళ్లే దారి ఒకటి, పంచతరణి వైపు వెళ్లేది ఒకటి. మేం పంచతరణి వైపు తిరిగాం. సామాను గుర్రం మీద, మేం కాళ్ల మీద. బరారి ఎక్కుడు దగ్గర నా ఊపిరి నాకే వినిపించింది. దుమ్ము, గుర్రాల లద్దె, డోలీల కేకలు, "భోలే, పక్కకు జరగండి" అన్న అరుపులు. ఆ దారిలో అందరికీ ఒకటే పేరు, భోలే. నాకంటే చిన్నవాడు నన్ను భోలే అంటాడు, నేను సైనికుడిని భోలే అంటాను.

మా లంగరులో తిండితో పాటు పడక కూడా ఉంటుంది. పొడవాటి టెంట్లు, కింద టార్పాలిన్, దాని మీద పరుపులు, మనిషికి రెండు రజాయిలు. చేరిన రోజు సాయంత్రమే పనిలోకి దిగుదామని నడుం బిగించాను. అరగంటలో తల పగిలిపోయేంత నొప్పి, వాంతి. పక్కనే ఉన్న వైద్య శిబిరంలో వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 83. డాక్టరు కుర్రవాడు, మాత్ర ఇచ్చి, "అంకుల్, రెండు రోజులు మీరు పని చేయకపోవడమే సేవ" అన్నాడు. కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచికీ ఇదే జరుగుతుందట. అందుకే పాత బ్యాచిని రెండు రోజులు ఆగి పంపిస్తారు. ఆ రెండు రాత్రులూ నిద్ర పట్టలేదు. కునుకు పట్టగానే ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేవాణ్ని. పగలు పడుకోకుండా నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతూ, దాహం లేకపోయినా నీళ్లు తాగుతూ ఉంటే మూడో రోజుకు తల తేలికైంది.

ఇక వంట సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు నా విద్య మీద ఉన్న నమ్మకమంతా అక్కడ ఊడిపోయింది.

పంచతరణి ఎత్తు దాదాపు 12,000 అడుగులు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అంటే ఎసరు కుతకుతలాడుతూనే ఉంటుంది, మెతుకు మాత్రం ఉడకదు. అన్నం ప్రెషర్ కుక్కర్లలోనే వండాలి. మా దగ్గర మనిషి లోపల కూర్చోగలిగినంత కుక్కర్లు మూడున్నాయి. కందిపప్పు రాత్రంతా నానబెట్టినా మొండికేసింది, రెండో రోజు నుంచి పెసరపప్పుకు మారాం. ఇడ్లీ పిండి రుబ్బి పెడితే రెండు రాత్రులైనా పొంగలేదు. పొంగడానికి వేడి కావాలి కదా, అక్కడ జూలైలో తెల్లవారుజామున బకెట్టులో నీళ్ల మీద మంచు పొర కట్టేది. కరీంనగర్ నుంచి వచ్చిన వంట మాస్టారు నా అవస్థ చూసి, పిండి గిన్నెకు రజాయి చుట్టి రొట్టెల తందూరు పక్కన పెట్టించారు. తందూరు దగ్గర పంజాబీ సేవాదారు ఒకాయన ఉండేవాడు. రాత్రి నేను లేచి చూస్తే, చంటిబిడ్డను సవరించినట్టు ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పుతున్నాడు. మూడో నాటికి పిండి కాస్త పులిసింది. ఇడ్లీ వచ్చింది, కానీ మా కొట్టులో పన్నెండు నిమిషాల్లో దిగే వాయి అక్కడ పాతిక నిమిషాలు పట్టింది. వరసలో నిలబడ్డ భోలేలు ఎంతసేపని ఆగుతారు? చివరికి బొంబాయి రవ్వ, పెరుగు, ఈనో కలిపిన రవ్వ ఇడ్లీకే దిగాం. అది మా కొట్టులో పెడితే నా కస్టమర్లు నన్ను వెలివేస్తారు. అక్కడ మాత్రం గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన మూడు ప్లేట్లు తిని కళ్లు తుడుచుకున్నాడు.

లంగరుల్లో ఏం వండవచ్చో, ఏం వండకూడదో బోర్డు జాబితా ఇస్తుంది. ఇడ్లీ, సాంబారు, ఊతప్పం, కిచిడీ ఉండవచ్చు. దోసె కుదరదు. పూరీ, సమోసా, జిలేబీ, వేయించిన అప్పడాలు, శీతల పానీయాలు ఏవీ కుదరవు. పచ్చడి, ఊరగాయ కూడా నిషేధమే. ఊరగాయ లేని తెలుగు లంగరు! జమ్మూ దాకా డబ్బాల్లో తెచ్చుకున్న ఆవకాయ సేవాదార్లం మా టెంటులో దాచుకుని తిన్నాం, వడ్డన వరసలోకి మాత్రం తేలేదు. మొదట్లో ఈ నిబంధనను తిట్టుకున్నాను గానీ, నూనె ఎక్కువ తిని ఎక్కేవాళ్లు వైద్య శిబిరం ముందు ఎలా వంగి కూర్చుంటారో చూశాక నోరు మూసుకున్నాను.

వడ్డనకు అందరూ ముందుకు వస్తారు. చేతిలో గరిటె పట్టుకుని, వెనక కొండలు కనబడేలా ఫొటో దిగడం తేలిక. మనుషులు దొరకనిది రాత్రి పనికి, గిన్నెల పనికి. ప్లేట్లన్నీ స్టీలువి. మంచు కరిగి వచ్చే నీళ్లలో అయిదు నిమిషాలు చెయ్యి పెడితే వేళ్లు ఉన్నాయో లేవో తెలియదు. నేను బేగంబజార్‌లో కొన్న పలచటి రబ్బరు గ్లౌజులు రెండో రోజుకే చిరిగిపోయాయి. లోపల ఉన్ని గ్లౌజు, పైన మందపాటి రబ్బరు గ్లౌజు వేసుకుంటేనే నిలబడగలం. రాత్రి పదింటికి గిన్నెలయ్యాక పప్పు నానబెట్టడం, రెండింటికి టీ ఎసరు పెట్టడం, మూడింటికి గుహకు వెళ్లేవాళ్లను లేపడం. గ్యాసు సిలిండరు చుట్టూ మంచు పట్టి మంట సన్నబడితే గోనెసంచులు చుట్టి, గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ దారికి తెచ్చేవాళ్లం. సేవకు వెళ్లదలచినవాళ్లు తమను తాము అడగవలసింది భక్తి ఎంత ఉందని కాదు, రాత్రి రెండింటికి రజాయిలోంచి లేవగలరా అని.

రెండు మాటలు దొడ్డి సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. వరసగా రేకు మరుగుదొడ్లు ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటి లోపు శుభ్రంగా ఉంటాయి, ఆరు దాటాక వెళ్లకండి. స్నానానికి స్థానికులు వేడినీళ్ల బకెట్టు అమ్ముతారు, నేను కొన్న రోజు వంద రూపాయలు. రోజూ స్నానం మన అలవాటు, అక్కడ ఎవరూ చేయరు, నేనూ మానేశాను.

పదహారో తేదీ మధ్యాహ్నం నుంచి వాన. చీకటి పడేసరికి నిలువునా కురవడం మొదలైంది. పహల్గామ్ దారిలో శేష్‌నాగ్ వైపు నుంచి దిగినవాళ్లు, దర్శనం చేసుకుని తిరిగి వచ్చినవాళ్లు అందరూ పంచతరణిలోనే ఆగిపోయారు. మా టెంట్లలో మనిషికి మనిషి తగిలేలా పడుకోబెట్టినా ఇంకా వస్తూనే ఉన్నారు. మనిషికి రెండు రజాయిల లెక్క పోయి, ఇద్దరికి ఒకటైంది. రాత్రి పదకొండింటికి నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం తడిసి ముద్దయి వచ్చింది. డెబ్బైకి దగ్గరగా ఉన్న ముసలమ్మ, కొడుకు, కోడలు, పదిహేనేళ్ల పిల్లవాడు. ముసలమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. లోపల అడుగు పెట్టే చోటు లేదు. పక్కన టెంటు నడిపే కశ్మీరీ ఆయన మామూలు రోజుల్లో మంచానికి ఇంత అని ముందే తీసుకునేవాడు. ఆ రాత్రి తన సొంత పక్క చుట్టి ఒక మూల పడేసి, ముసలమ్మను తన బుఖారీ, అంటే చలి కాచుకునే పొయ్యి, పక్కన కూర్చోబెట్టాడు. నేను మిరియాల చారు పట్టుకెళ్లి ఇస్తే ఆవిడ గ్లాసు పట్టుకోలేకపోయింది. కోడలు పట్టుకుని తాగించింది. కొంతసేపటికి వణుకు తగ్గి, "నాయనా, రేపు దర్శనం అవుతుందా?" అని అడిగింది. అవుతుందమ్మా అన్నాను.

ఆ రాత్రి పొయ్యి ఆర్పలేదు. కిచిడీ, టీ, మళ్లీ కిచిడీ. ఒక టెంటు కిందికి నీళ్లు వస్తే అయిదారుగురం పారలతో కాలువ తీశాం.

తెల్లవారాక మైకులో చెప్పారు: వానకు దారులు దెబ్బతిన్నాయి, ఈ రోజు యాత్ర లేదు, పంచతరణిలో ఉన్నవాళ్లను బాల్తాల్ వైపు దింపుతారు. సరిహద్దు రోడ్లు చూసే బీఆర్ఓ సిబ్బంది, కొండల్లో రక్షణ పని చేసే దళాలు దారి పొడవునా నిలబడి జనాన్ని దింపించారు. దర్శనం అయినవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. కానివాళ్లలో కొందరు గొడవపడ్డారు, కొందరు అక్కడే కూలబడి ఏడ్చారు. ముసలమ్మ గొడవ చేయలేదు. నేను అవుతుందన్న మాట పట్టుకుని నన్ను ఏమీ అనలేదు కూడా. గుహ ఎటు ఉందని అడిగి, అటు తిరిగి దండం పెట్టుకుని, సామాను మోసే పిట్టూ కుర్రవాడి చెయ్యి పట్టుకుని దిగింది. పద్దెనిమిదిన యాత్ర మళ్లీ మొదలైంది. వాళ్లు మళ్లీ ఎక్కారో, ఇంటికి వెళ్లిపోయారో తెలియదు.

సేవాదార్లకు దర్శనానికి ఒక రోజు సెలవిస్తారు. నాది ఇరవయ్యో తేదీన వచ్చింది. గుహ ఆరు కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి ఎనిమిదింటికి చేరాను. హిమలింగం అప్పటికి కరిగిపోయింది. దిగివచ్చే యాత్రికుల నోట రోజూ వింటూనే ఉన్నాను కాబట్టి ఆశ పెట్టుకోలేదు. రెయిలింగు దగ్గర నిలబడేది క్షణాలే, వెనకవాళ్లు తోసేస్తారు. ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పుకున్నాను. ఆ ముసలమ్మ పేరు చెబుదామంటే నాకు తెలియదు. నరసరావుపేట ముసలమ్మ అని చెప్పి వచ్చేశాను.

ఖర్చుల లెక్క. తిండి, బస లంగరువే, జీతం ఏమీ ఉండదు. పోను స్లీపరు, రాను మూడో తరగతి ఏసీ, జమ్మూ నుంచి పంచుకున్న వాహనం, గుర్రం, పరీక్షలు, బట్టలు, బూట్లు కలిపి నాకు ఇరవై రెండు వేల దాకా అయింది. ఇందులో ఎనిమిది వేలు బట్టలూ బూట్లే. బూట్లు కనీసం నెల ముందు కొని రోజూ తొడుక్కుని నడవాలి. గొడుగు దండగ, గాలికి నిలవదు, మోకాళ్లు దాటే రెయిన్‌కోటు కావాలి. పెదవులకు, వేళ్ల సందులకు రాసుకోవడానికి వాజిలిన్ పెద్ద డబ్బా తీసుకెళ్లండి, చిన్నది అడిగేవాళ్లకే సరిపోతుంది. పవర్ బ్యాంకు రాత్రి రజాయిలో పెట్టుకుని పడుకోవాలి, లేకపోతే చలికి చార్జి దిగిపోతుంది. బీపీ మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకున్నాను. గుర్రం మీద పంపిన సంచి ఒక పూట ఆలస్యంగా వచ్చినప్పుడు అదే నన్ను కాపాడింది.

ఇరవై రెండున దిగి, ఇరవై అయిదున హైదరాబాద్ చేరాను. మా బావమరిది ఈ రోజులన్నీ కొట్టు నడిపాడు, అమ్మకాలు బాగానే ఉన్నాయి, అల్లం పచ్చడి మీద మాత్రం ఫిర్యాదులు వచ్చాయట. చేతుల పగుళ్లు తగ్గడానికి మూడు వారాలు పట్టింది.

మా తర్వాతి బ్యాచి సక్రమంగానే పని చేసింది. ఆఖరి బ్యాచి వాళ్లే పాపం. ఆగస్టు 9న ముగియవలసిన యాత్రను వానలకు దారులు పాడై ఆగస్టు 3 నుంచే ఆపేశారు. వాళ్లు జమ్మూ దాకా వెళ్లి అక్కడి నుంచే వెనక్కి వచ్చారు. అందుకని పేరు రాయించేటప్పుడు బ్యాచి ఏదో చూసుకోండి. మొదటి బ్యాచికి టెంట్లు వేసే పని, మంచు తవ్వే పని ఎక్కువ, ఆఖరిదానికి వాన భయం. మధ్య బ్యాచీలకే పోటీ ఎక్కువ కాబట్టి శివరాత్రికి ముందే పెద్దలను కలిసి మాట వేసి ఉంచండి. వంట వచ్చని చెప్పకండి, గిన్నెలు తోముతానని చెప్పండి, వెంటనే పేరు రాసుకుంటారు.